మూడో తరగతి వినతిపత్రం

ఇంకాస్త ఇటు జరుగు. ఆ గుమ్మం దగ్గరే కూర్చుంటే నా మాట సగం బస్సుల హారన్లకే పోతుంది. దగ్గరికి వచ్చి, ఆ దిండు ఒళ్లో పెట్టుకుని విను.

తార్నాక చౌరస్తా నుంచి యూనివర్సిటీ లోపలికి పోతే, స్టాఫ్ క్వార్టర్లు దాటాక వేపచెట్ల వెనక ఒక చిన్న బడి ఉంది. ఐదు గదులు, రేకుల వరండా, ఒక నీళ్ల ట్యాంకు. క్యాంపస్‌లో పనిచేసేవాళ్ల పిల్లల కోసం పెట్టిన బడి. అందులో మూడో తరగతి గదిలో ఒక్క వారం జరిగిన సంగతి ఇది. సోమవారం మొదలై శనివారం తేలింది. ఆ ఆరు రోజుల్లో ఎవరూ ఎవరినీ ప్రేమగా చూసిన పాపాన పోలేదు. తర్వాత నన్ననకు, ముందే చెబుతున్నాను.

ఎవాంజెలిన్ అని ఒకావిడ. నలభై రెండేళ్లుంటాయి. తెనాలి పక్క ఊళ్లో పాస్టరు గారి కూతురు. రైల్వే గుమాస్తా జాన్‌ను చేసుకుని మెట్టుగూడ రైల్వే క్వార్టర్లకు కాపురానికి వచ్చింది. పద్నాలుగేళ్లుగా టీచరు పనే చేస్తోంది. చేస్తోందన్న మాటే గానీ, తనదంటూ ఒక తరగతి ఎప్పుడూ లేదు. ఒక బడిలో ఎవరో పురిటికి పోతే మూడు నెలలు, ఇంకో బడిలో ఎవరికో కాలు విరిగితే నలభై రోజులు. వాళ్లు తిరిగి రాగానే ఈమె సంచి సర్దుకోవడం. హాజరుపట్టీ అట్ట మీద ‘తరగతి టీచరు’ అని ఒక గీత ఉంటుంది చూశావా, ఆ గీత మీద ఆమె పేరు ఇంతవరకూ పడలేదు. ఆమెకు కావలసింది అదొక్కటే. ఆ గీత మీద పేరు, ఆ పేరు వెనక పిల్లలు.

దసరా సెలవులయ్యాక సోమవారం పొద్దున ఈ బడిలో అడుగుపెట్టింది. పెద్ద టీచరు భాగ్యలక్ష్మి. అనంతపురం మనిషి, నగరానికి వచ్చి ముప్ఫై ఏళ్లయినా మాట మారలేదు. నడుముకు తాళాల గుత్తి. మంచినీళ్లయినా అడక్కుండా హాజరుపట్టీ ముందుకు లాక్కుని, ఆ గీత మీద పేరు రాసింది. పెన్సిల్‌తో.

“పెన్సిల్‌తో రాస్తున్నారేంటండీ?”

“పెన్నుతో రాస్తే మళ్లీ కొట్టేయాల. పెన్సిలయితే రబ్బరు చాలు,” అంది భాగ్యలక్ష్మి. “ఇను. నీ ముందు జ్యోతిర్మయి అని ఉన్నింది. రెండేండ్లు చెప్పింది. బడి కమిటీ వచ్చి చదవమంటే ఒక్క పిల్ల చదవల్యా. తీసేసినారు. శనివారం మళ్లా వస్తాండారు. చదివితే ఉంటావు. ల్యాకుంటే మా చెల్లెలి కూతురు సుష్మ బీఎడ్డు చేసి ఇంట్లోనే ఉండాది.”

దాచిపెట్టి మాట్లాడే మనిషి కాదు, ఏమాటకామాటే చెప్పుకోవాలి.

ఎవాంజెలిన్ గదిలోకి వెళ్లింది. ఇరవై ఒక్కమంది పిల్లలు. ఒక్కరూ లేవలేదు. ఆవిడ హాజరు పిలిచింది. ఒక్కరూ పలకలేదు. ఏ పేరు ఎవరిదో తెలియక, ఖాళీ గళ్ల మీద పెన్ను పెట్టి ఆవిడ అలాగే నిలబడిపోయింది. వెనక వరసలోంచి ఎవరో సన్నగా “కూ...” అని రైలు కూత పెట్టారు. తర్వాత గదంతా అందుకుంది. ఎవాంజెలిన్ అన్న పేరు నోరు తిరక్క, వచ్చేది కూడా మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల నుంచేనాయె, పది నిమిషాల్లో ఆవిడ ‘ఇంజిన్ టీచర్’ అయిపోయింది.

అప్పుడు రెండో వరసలోంచి ఒక పిల్ల లేచింది. రెండు జడలు, ఒకదానికి ఎర్ర రిబ్బను, ఇంకోదానికి రబ్బరు బ్యాండు. పేరు సమ్మక్క. మేడారం జాతర నెలలో పుట్టిందని నాయనమ్మ పట్టుబట్టి పెట్టిన పేరు. వాళ్ల నాయిన ఎంకన్న హాస్టల్ మెస్సులో వంట చేస్తాడు.

“మేం చదువం టీచర్. బంద్,” అంది సమ్మక్క.

“బందా? ఎందుకమ్మా?”

“మేం చదవకపోతే మా టీచర్‌ను తీసేసిన్రు గదా. గిప్పుడు గూడ చదవం. నిన్ను గూడ తీసేస్తరు. గప్పుడు మా టీచరే వాపస్ వస్తది.”

ఎంత లెక్క వేసిందో చూశావా! ఆ వయసు పిల్లలు మామూలుగా ఏడుస్తారు, అలుగుతారు. వీళ్లు క్యాంపస్ పిల్లలు. ఊయలలో ఉన్నప్పటి నుంచీ చూస్తున్నదే ధర్నాలు, బంద్‌లు, టెంట్ల కింద దీక్షలు. ఆటల్లో కూడా ఒకడు పోలీసు, మిగిలినవాళ్లు విద్యార్థి సంఘం.

“చదవడం రాక బంద్ అంటున్నారా, వచ్చి కూడా అంటున్నారా?” అంది ఎవాంజెలిన్.

“మాకొస్తది!” అని పరుశురాం అనే బొద్దుపిల్లాడు లేచాడు. పౌరుషం వచ్చింది వాడికి. తెలుగు పుస్తకం తీసి మూడో పాఠం మొదటి నుంచి చివరిదాకా తడబడకుండా చదివేశాడు. సమ్మక్క వాడి చొక్కా పట్టి కిందికి లాగుతూనే ఉంది. ఎవాంజెలిన్ దగ్గరికి వెళ్లి పుస్తకంలోకి తొంగి చూసింది. వాడు చదివింది మూడో పాఠం. తెరిచి పట్టుకున్నది తొమ్మిదో పాఠం, అదీ తలకిందులుగా.

అక్షరాలు వీళ్లకు అసలు రావని కాదు. గోడ మీది అక్షరాల పటం వరసగా పాడతారు. వరస తప్పించి ఒక అక్షరం చూపిస్తే బిక్కమొహం వేస్తారు. పుస్తకం మొత్తం బట్టీ. జ్యోతిర్మయి టీచరు మంచి కథలు చెప్పేదట, గుడ్డబొమ్మలున్న ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి, బొమ్మ తర్వాత బొమ్మ తీసి ఆడించేదట. పాఠాలు మాత్రం పాటలా అప్పజెప్పించుకునేది. పిల్లలు ఆమెను ప్రాణంగా చూసుకున్నారు. వాళ్లకు చదువు రాలేదు. రెండూ నిజమే.

“మా కథల పెట్టె గూడ నువ్వే పారేసినవ్,” అంది సమ్మక్క.

“నేను ఈ రోజేగా వచ్చాను! నాకేం తెలుసమ్మా?”

“ఇంజిన్ టీచర్ అబద్ధాలకోరు!” అని గదంతా కూత.

మంగళవారం ఇంకా ముదిరింది. ఆవిడ వచ్చేసరికి సుద్దముక్కల డబ్బా నిండా నీళ్లు. కొత్త డబ్బా కోసం ఆఫీసు గదిలో బీరువా తెరిస్తే, కింది అరలో తుప్పుపట్టిన బిస్కెట్ల డబ్బా కనిపించింది. మూత సందులోంచి ఒక గుడ్డబొమ్మ చెయ్యి బయటికి వేలాడుతోంది.

“దాన్ని ముట్టొద్దు,” అంది వెనకనుంచి భాగ్యలక్ష్మి. బీరువా మూసి తాళం వేసి, గుత్తి నడుముకు దోపుకుంది. “అదుంటే ఆ యమ్మను మరవరు. పోయిందని చెప్పినా. పోయినట్లే ఉండనీ.”

“పిల్లలు నేను పారేశానంటున్నారండీ.”

“అననీ. నీ పేరు ఇంకా పెన్సిల్‌తోనే ఉండాది.”

అంతటితో ఆవిడ నోరు కట్టేసినట్టయింది. చెబితే రబ్బరు. చెప్పకపోతే దొంగ.

ఆ మధ్యాహ్నం మొదటి వరస పిల్లలు టిఫిన్ డబ్బాలు తెరవలేదు. కిటికీ కింద చాప పరుచుకుని కూర్చున్నారు. రిలే నిరాహార దీక్ష అట. రోజుకొక వరస. ఆవిడ బతిమాలింది, గదమాయించింది. కదలలేదు. ఇక చేసేదిలేక తన డబ్బా కూడా మూసేసింది.

సమ్మక్కకు ఒళ్లు మండింది. “నువ్వెందుకు తింటలేవు? దీక్ష మాది!”

“నాకు ఆకలి లేదులే.”

“ఆకలి లేకుంటే దీక్ష అనరు టీచర్. మాది ఆకలుండంగ దీక్ష.”

“పరుశురాం ఏడి మరి?”

పరుశురాం బాత్రూముల వెనక జామకాయ తిని, మూతి తుడుచుకుంటూ వచ్చి మళ్లీ చాప మీద కూర్చున్నాడు. మూతికి ఇంకా గింజలు అంటుకునే ఉన్నాయి. సమ్మక్క వాడి నెత్తిన ఒకటి మొట్టింది. “నీ అసుంటోళ్లతోనే ఉద్యమం కరాబయ్యేది!”

ఆవిడకు నవ్వు వచ్చింది. నవ్వలేదు. ఆ గదిలో నవ్వితే తననే నవ్వుకుంటున్నారని వాళ్లు అనుకుంటారు.

బుధవారం సమ్మక్క మెడలో దారం కట్టిన అట్ట వేలాడేసుకుని వచ్చింది. హాస్టల్ గేటు దగ్గర, ధర్నా అయిపోయాక పడేసిన అట్టల్లోంచి ఏరుకొచ్చింది. నల్లరంగు అక్షరాలు, ఇంతింత పెద్దవి. దర్జాగా బెంచీ మీద నిలబడి, ఎడమ చేయి పైకెత్తి అరిచింది. “ఇంజిన్ టీచర్!” మిగిలినవాళ్లు, “గో బ్యాక్!”

ఎవాంజెలిన్ అట్ట వంక చూసింది. మళ్లీ చూసింది.

“సమ్మక్కా, నీకు ఫెలోషిప్ ఆగిపోయిందామ్మా?”

“ఏంది?”

“నీ మెడలో ఉన్నది చదివాను. ‘పరిశోధక విద్యార్థుల ఫెలోషిప్ వెంటనే విడుదల చేయాలి.’ నీ గైడు ఎవరో చెప్పు, నేను మాట్లాడతాను.”

అలా అని ఉండకూడదు. ఆ మాట ఆవిడే తర్వాత అనుకుంది. రెండు రోజుల కోపం నోట్లోంచి జారింది. కానీ జారింది. మొదట పరుశురాం నవ్వాడు. వాడికి ఫెలోషిప్ అంటే తెలిసి కాదు, సమ్మక్క మొహం చూసి. ఆ తర్వాత తరగతంతా నవ్వింది. ఆ పిల్ల బెంచీ దిగింది. తన మెడలో ఉన్నదాన్ని తలవంచి చూసుకుంది. తలకిందులుగా కనబడుతున్న ఆ నల్ల అక్షరాలు ఆమెకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు. దారం తెంపి, అట్టను నాలుగు ముక్కలు చేసి, టీచరు బల్ల మీదికి విసిరింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది, ఆవిడ దగ్గరికి తీసుకునేది.

బడి వదిలాక అందరూ పోయారు. ఆ పిల్ల పోలేదు. గుమ్మం దగ్గర నిలబడి గోడతో మాట్లాడినట్టు అడిగింది.

“‘వద్దు’ అని ఎట్ల రాస్తరు?”

“ఎవరు వద్దు?”

“నువ్వే.”

ఎవాంజెలిన్ సంచి భుజాన వేసుకున్నది మళ్లీ దించింది. “నన్ను వద్దనడానికి నేనే రాసిపెట్టాలా? నేను రాయను. గోడ మీద అక్షరాలున్నాయి. నువ్వు వెతుక్కో, నేను ఇక్కడే ఉంటాను.”

ఆ పిల్ల పటం దగ్గరికి వెళ్లింది. ‘వ’ కావాలంటే ‘అ’ దగ్గర మొదలుపెట్టి, వేలు పెట్టి పాడుకుంటూ, ‘వ’ దాకా రావాలి. వచ్చింది. ‘ద’ కోసం మళ్లీ ‘అ’ నుంచి. కొమ్ము ఎక్కడ పెట్టాలో, ఒత్తు ఎక్కడ వేలాడాలో ఆవిడ బోర్డు మీద వేరే మాటలతో చూపించింది. ముద్దు, ఎద్దు, హద్దు. వాటిని పక్కన పెట్టుకుని, నాలుక బయటపెట్టి, ఆ పిల్ల తన మాట తనే రాసింది. వద్దు. రాసి వెనక్కి జరిగి చూసుకుంది. ఆ చూపు ఎలా ఉందంటే, చేతికి రాయి దొరికినవాడి చూపులా ఉంది.

“రేపు అందరం రాస్తం,” అంది.

“రాయండి. కానీ ఒక్క అట్ట మీద ఒక్క మాట రాస్తే చెల్లదు. మీ హాస్టల్ అన్నలు ధర్నా చేస్తే చివరికి ఏమిస్తారు?”

“వినతిపత్రం.”

“అదే. అందరూ ఉండాలి అందులో. ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. ఎవరిది వాళ్లే రాయాలి, ఎవరిది వాళ్లే చదవాలి. చదవలేనివాళ్ల మాట నేను తీసుకోను.”

“తీస్కుంటవా మరి? మాట తప్పవు గద?”

“తప్పను.”

“ఒట్టు?”

“మా ఇంట్లో ఒట్లు పెట్టుకోకూడదమ్మా. అవునంటే అవునే.”

గురువారం ఆ గది చూడాలి నువ్వు. తిట్టాలన్న ఆత్రంలో పిల్లలు ఎలా రాశారనుకున్నావు! మూడు రోజులు హాజరుకు కూడా పలకనివాళ్లు, “టీచర్, ‘నచ్చలేదు’కు చ కింద ఏముంటది?” “టీచర్, ‘మొహం’ల హ ఏడున్నది?” అని మీద పడిపోతున్నారు. చాకు పడితే కూరగాయలు కోయాలనిపించినట్టు, ఒక అక్షరం చేతికి వస్తే దాంతో ఇంకేం అనొచ్చా అని చూస్తున్నారు. ఆవిడ పాత శుభలేఖల వెనక అక్షరాలు రాసి కత్తిరించి తెచ్చింది. ఇరవై ఒక్క తలలూ వాటి మీద వంగాయి. వరస లేని అక్షరాలవి. కావలసింది ఏరుకోవాలి. కొట్టుకున్నారు, లాక్కున్నారు, ఒకరి ‘ర’ను ఒకరు దొంగిలించారు. ప్రతి కాగితం ఆవిడ దగ్గరికి వచ్చేది. తన మొహం బాగాలేదన్న మాటలో తప్పున్నచోట ఎర్రగా చుట్టి, “మళ్లీ రాసుకురా” అనేది. వాళ్లు పళ్లు కొరుకుతూ మళ్లీ రాసేవాళ్లు.

అప్పుడే భాగ్యలక్ష్మి గుమ్మంలోకి వచ్చింది. బోర్డు మీద అడ్డంగా ఉంది: ఇంజిన్ టీచర్ వద్దు. ఆమె మొహం వెలిగిపోయింది. ఫోను తీసి ఫొటో కొట్టింది.

“తుడపొద్దు, అట్లే ఉండనీ,” అంది. పిల్లల వైపు తిరిగి, “బాగా రాసినారు బంగారాలూ! ఇదంతా శనివారం కమిటీ సారు ముందర చదవండి. ఆయనే తీసేస్తాడు ఈ యమ్మను. ఏం?” అంది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎవాంజెలిన్ చేతిలో ఎర్రపెన్ను అలాగే ఉండిపోయింది.

శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర జాన్‌కు సంగతంతా చెప్పింది. ఆయన అన్నం కలుపుతున్న చేయి ఆపేశాడు.

“నీ ఉద్యోగం పీకే కాగితాన్ని నువ్వే దిద్దిపెడుతున్నావా?”

“తప్పులతో ఇస్తే నా పరువు పోదూ?”

“ఏడ్చినట్టుంది. ఆ కాగితం చించేసి, మూడో పాఠం వాళ్ల చేత అప్పజెప్పించేయి. గట్టిగా చదివితే చాలు, కమిటీవాళ్లు పుస్తకంలోకి తొంగి చూస్తారా?”

“మొన్న చూశారు కదండీ. అందుకేగా ఆవిడ పోయింది,” అంది ఎవాంజెలిన్. “అయినా అవునన్నాను వాళ్లతో.”

చెప్పడం తేలిక. ఆ రాత్రంతా ఆవిడ కళ్లముందు ఒక రబ్బరుముక్క తిరుగుతూనే ఉంది.

శనివారం పదిన్నరకు కమిటీ సారు వచ్చాడు. రంగనాథ్. యూనివర్సిటీ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. ఆయనదీ అనంతపురం వైపే. కూర్చోకముందే గడియారం చూసుకున్నాడు.

“తొందరగా కానీయండమ్మా, నాకు బ్యాంకు పని ఉండాది,” అని పుస్తకం తీసి ముందున్న పిల్లకిచ్చాడు. “చదువు.”

“పుస్తకం చదవం సార్. బంద్,” అంది సమ్మక్క లేచి.

భాగ్యలక్ష్మి ఎవాంజెలిన్ వంక చూసి చిన్నగా తలాడించింది, అయిపోయింది నీ పని అన్నట్టు. “సార్, పిల్లోల్లు మీకు ఏందో ఇస్తారంట. ఈ యమ్మ గురించి. వాళ్ల నోటితోనే ఇనండి.”

సమ్మక్క రెండు చేతులతో కాగితం పట్టుకుని వచ్చింది. పొడుగు కాగితాలు రెండు అతికించి ఉన్నాయి. ఒక్కొక్కరూ వచ్చి తమ మాట మీద వేలు పెట్టి చదివారు.

“మాకు ఇంజిన్ టీచర్ వద్దు.”

“ఈ టీచర్ నవ్వదు.”

“మేము తిట్టింది గూడ మళ్లీ మళ్లీ రాయిస్తది.”

“మా కథల పెట్టె పోయింది.”

“జ్యోతిర్మయి టీచర్ రావాలి.”

పరుశురాం మాట చివరిది. “నాకు ఆకలి అయితది.”

గోడ దగ్గర నిలబడి ఎవాంజెలిన్ ఇరవై ఒక్క మాటలూ వింది. అన్నీ తను దిద్దినవే. అయినా పైకి వినబడుతుంటే ఒక్కొక్కటీ చెంప మీద పడ్డట్టే ఉంది. పద్నాలుగేళ్లలో ఇంతమంది కలిసి ఆవిణ్ని ఎక్కడా వద్దనలేదు.

రంగనాథ్ కళ్లజోడు సర్దుకున్నాడు. “వీళ్లు మొన్న అక్షరం ముక్క చదవల్యా కదా?”

“చదవడమేంది సార్, బట్టీ!” అంది భాగ్యలక్ష్మి. “రెండు దినాలుగా ఇదే పాట. ఆ లావుపాటి పిల్లోడు పుస్తకం తిరగేసి పట్టుకోని గూడా చదువుతాడు, కావల్లంటే చూడండి. చదువు రాల్యా, పిల్లోల్లకు ఈమె గిట్టల్యా. ఇంక పెట్టుకోని ఏం జేస్తాం?”

“అదీ నిజమే,” అన్నాడాయన. హాజరుపట్టీ ఆయన ముందే ఉంది. దాని పక్కనే రబ్బరు కూడా ఉంది. భాగ్యలక్ష్మి ముందే తెచ్చి పెట్టింది.

“సార్, ఒక్క నిమిషం,” అంది ఎవాంజెలిన్. “వినతిపత్రం ఇచ్చాక రాతలో జవాబివ్వాలి కదండీ. తీసుకుంటానని పిల్లలకు మాటిచ్చాను. జవాబు రాసి వెళతాను.”

“అవ్ సార్, రాసియ్యాలె,” అంది సమ్మక్క. “నోటిమాట నమ్మం.”

ఆవిడ బోర్డు తుడిచింది. పిల్లలు చూస్తుండగా, అందరికీ కనబడేటట్టు, ఒక్కో మాటా రాసింది. రాస్తున్నంతసేపూ పిల్లల పెదవులు కదులుతున్నాయి. రాయడం అయ్యాక ఆవిడ పక్కకు జరిగింది. చదవమని కూడా అనలేదు. వాళ్ల జవాబు వాళ్లదాయె, ఆగుతారా?

“మీ... వినతిపత్రం... అందింది,” అని పరుశురాం మొదలెట్టాడు. కూడబలుక్కుంటూ, ముక్కముక్కలుగా. మూడో పాఠం గడగడా చదివిన నోరేనా ఇది అనిపించేటట్టు.

“జ్యోతిర్మయి టీచర్‌ను... తీసుకురావడం... నా చేతిలో లేదు,” అని వెనక వరస. వెంటనే, “గట్లెట్ల? చేతిలో లేదంటే అయిపాయెనా?” అని అరుపులు.

“నేను... ఉంటే... సోమవారం... ఎక్కాలు మొదలు.” “ఎక్కాలా! వద్దు! వద్దు!”

మధ్యలో ఒక మాట మిగిలిపోయింది. దాని మీద సమ్మక్క కళ్లు పెట్టుకుని ఉంది. వేలు గాలిలో పెట్టి అక్షరం అక్షరం దాటుతోంది. “మీ... కథల పెట్టె... బీరువాలో... ఉంది. తాళం... పెద్ద... టీచర్... దగ్గర ఉంది.”

ఆ పిల్ల ఆ మాటను ఇంకోసారి, నోట్లోనే చదువుకుంది. తర్వాత ఇరవై ఒక్క తలలూ ఒకేసారి భాగ్యలక్ష్మి నడుము వైపు తిరిగాయి.

“పెద్ద టీచర్, పోయింది అన్నవ్ గదా!”

“తాళమియ్యి!”

“మేం గీ టీచర్‌ను దొంగ అన్నం, నువ్వేం అనలే!”

“ఏయ్, కూర్చోండి!” అంది భాగ్యలక్ష్మి. ఎవరూ కూర్చోలేదు. బెంచీల మీద అరచేతులతో దరువు మొదలైంది. రంగనాథ్ ఇప్పుడు గడియారం చూసుకోవడం మానేశాడు.

“భాగ్యమ్మా, ఇది కూడా బట్టీనేనా? నేను చూస్తాండగా రాసింది, నేను చూస్తాండగా చదివినారు. నాకన్నా ముందరే చదివినారు,” అన్నాడు. “తాళం ఇచ్చేయ్.”

ఆమె గుత్తిలోంచి ఒక తాళంచెవి ఊడబీకి బల్ల మీదికి విసిరింది. ఎవాంజెలిన్ వంక చూసిన చూపుకు రోకలి కూడా విరుగుతుంది. “నువ్వు ఎట్లుంటావో ఈ బడిలో నేనూ చూస్తా,” అంది. ఆ మాట నిలబెట్టుకుంది కూడా. ఏప్రిల్ దాకా ఎవాంజెలిన్‌కు స్టాఫ్ రూములో కుర్చీ వేయలేదు.

రంగనాథ్ జేబులోంచి పెన్ను తీశాడు. “చూడమ్మా, పిల్లోల్లకు నీ పొడ గిట్టదు. అది మీరూ మీరూ చూసుకోండి. చదువుతాండారు, నాకు అది చాలు,” అని పెన్సిల్ పేరు మీదుగా నీలం సిరాతో దిద్దాడు. దిద్దుతుంటే, ఆ గీతనూ పేరునూ చూస్తూ ఎవాంజెలిన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సమ్మక్క ఆ పెన్ను వంకే చూస్తోంది. “ఏం రాస్తున్నరు సార్?”

“మీ టీచరు పేరు, తల్లీ. ఉంటుంది ఇంక.”

“ఎందుకుంటది? వద్దని ఇచ్చినం గదా!”

“మీరు చదివినారు కాబట్టి.”

ఆ పిల్లకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. నాలుగు రోజులుగా రానిది అప్పుడు వచ్చింది ఏడుపు. “మేం చదవకుంటే బాగుండె,” అంది వెక్కుతూ.

ఎవాంజెలిన్ ఇంటి నుంచే స్టీలు క్యానులో నిమ్మరసం కలిపి తెచ్చింది. ఉంటే దీక్ష విరమింపజేయడానికి, పోతే కూడా అందుకే. క్యాంపస్ పిల్లలకు ఆ పద్ధతి తెలుసు, నిమ్మరసం తాగితే సమ్మె ముగిసినట్టు. పరుశురాం రెండు గ్లాసులు తాగాడు. కథల పెట్టె వచ్చింది, బొమ్మల మీద పడ్డారు, తాగారు. సమ్మక్క ముందు గ్లాసు పెడితే చేత్తో పక్కకు నెట్టింది. కొంచెం ఒలికింది కూడా.

“నేను విరమిస్తలేను,” అంది.

ఎవాంజెలిన్ గ్లాసు తీసి కిటికీలో పెట్టింది.

సోమవారం పొద్దున ఆవిడ హాజరు పిలిచింది. ఇరవై మంది పలికారు. సమ్మక్క పలకలేదు. లేచి వచ్చి, బల్ల మీద ఒక కాగితం పెట్టి వెళ్లి కూర్చుంది. మెస్సులో సరుకులు కట్టిన కాగితం అది, ఒక మూల నూనె మరక. ఎవరి సాయమూ లేకుండా ఇంటి దగ్గర రాసుకొచ్చింది: ఎక్కాలు వద్దు, నువ్వు గూడ వద్దు, జవాబు రాసియ్యి. అందులో రెండు తప్పులున్నాయి. ఎవాంజెలిన్ ఎర్రపెన్ను తీసి రెండింటికీ సున్నాలు చుట్టి, వెనక పేజీలో తన జవాబు నాలుగు వరసలు రాసి, ఆ పిల్ల బెంచీ మీద పెట్టింది. ఆ పిల్ల జవాబు చదివింది. చదివి, కాగితం మడిచి, పెన్సిల్ చెక్కుకోవడం మొదలుపెట్టింది.

అంతే. ఇది నువ్వు గుర్తుపెట్టుకో. రేపు ఎప్పుడైనా, నీ దగ్గర కూర్చుని ఎవరైనా అడిగితే నేను చెప్పినట్టే చెప్పు. పేర్లు మరిచిపోయినా ఫరవాలేదు, రోజులు అటూ ఇటూ అయినా ఫరవాలేదు. చెప్పేటప్పుడు జాలిపడి ఆ పిల్ల చివరికి నిమ్మరసం తాగిందని మాత్రం చెప్పకు. తాగలేదు. ఆ గ్లాసు సాయంత్రం దాకా కిటికీలోనే ఉంది. అదొక్కటీ మార్చకుండా చెప్పు.